నొప్పి లేదని ఊరుకోకండి

అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు, వెనక కూర్చున్న అన్నదమ్ములకు నమస్కారం.

రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడమన్నారు. మా ఓపీలో తరచూ వినే మాటతోనే మొదలుపెడతాను. "గడ్డ చేతికి తగిలి ఆర్నెల్లయింది మేడం, నొప్పి లేదు కదా అని ఊరుకున్నా." అమ్మా, ఈ జబ్బు మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. అందుకే ఇంటి పనుల్లో పడి మర్చిపోతాం. ఆ ఆర్నెల్లలో అది చంకలోకి పాకొచ్చు.

స్నానం చేసేటప్పుడు, సబ్బు చేత్తో, మూడు వేళ్ళ మెత్తటి భాగం ఆనించి రొమ్మంతా తడమండి. మెడ కింది ఎముక నుంచి చంక దాకా ఏ చోటూ వదలొద్దు. నెలసరి మొదలైన వారం తర్వాతైతే రొమ్ము మెత్తగా ఉండి తేడా తెలుస్తుంది. తర్వాత అద్దం ముందు చేతులు పైకెత్తి చూసుకోండి. చర్మం ఎక్కడైనా లోపలికి గుంజుకుందా? కమలా తొక్కలా గుంటలు పడ్డాయా? చనుమొన కొత్తగా లోపలికి పోయిందా? రక్తం కారుతోందా? చంకలో బిళ్ళ కట్టిందా? ఇలాంటిది ఏది కనిపించినా వెంటనే చూపించుకోండి. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, కానీ ఆ సంగతి పరీక్ష చేస్తేనే తేలుతుంది.

"మా వంశంలో ఎవరికీ లేదు" అంటారు. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. వయసు, అధిక బరువు, మద్యం ముప్పును పెంచుతాయి. కానీ దాదాపు సగం మందికి ఆడపుట్టుక, వయసు తప్ప వేరే కారణమే కనిపించదు. కాబట్టి జబ్బు వచ్చిన మనిషిని ఏం పాపం చేసిందో అని చూడకండి. ఇది అంటువ్యాధి కూడా కాదు, కంచం, మంచం వేరు చేయకండి. మగవాళ్ళకూ అరుదుగా వస్తుంది.

సూది పరీక్ష, అంటే బయాప్సీ అనగానే "గుచ్చితే పాకుతుందట" అని లేచి వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. బయాప్సీ వల్ల జబ్బు ముదరదు. అది క్యాన్సరా కాదా, అయితే ఏ రకమో చెప్పేది ఆ చిన్న ముక్కే. హార్మోన్లతో పెరిగే హార్మోన్ రకమా, హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకమా అన్నది తెలియకుండా మందు ఎంచుకోలేం.

ఆపరేషన్ అంటే ప్రతిసారీ రొమ్మంతా తీసేయడం కాదు. తొలిదశలో చాలామందికి గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే, మొత్తం తీసినవాళ్ళతో సమానంగా బతుకుతారు. కీమోతో రాలిన జుట్టు మళ్ళీ వస్తుంది. హార్మోన్ రకం వాళ్ళలో చాలామంది టామోక్సిఫెన్ మాత్ర రోజుకొకటి, కనీసం ఐదేళ్ళు వేసుకోవాలి. దాని ఖరీదు తక్కువే. బాగైపోయిందిగా అని రెండేళ్ళకే ఆపేస్తారు. డాక్టర్ చెప్పకుండా దయచేసి ఆపకండి.

ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు 1998లో లక్షన్నర మంది ఆడవాళ్ళతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. అందులో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తోనే రొమ్ము పరీక్ష చేశారు. ఇరవై ఏళ్ళకు చూస్తే, ఆ పరీక్ష జరిగిన యాభై దాటినవాళ్ళలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తక్కువ. మనకూ 30 దాటిన ఆడవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష చేసే కార్యక్రమం ఉంది. ఏఎన్ఎంను అడగండి. ఖర్చు గురించి టెన్షన్ ఉంటే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద వైద్యం దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రులున్నాయి.

అన్నదమ్ములకు ఒక్క మాట. ఆమె గడ్డ ఉందని చెప్పిన రోజు "పంట కోతలయ్యాక చూద్దాం" అనకండి, తోడు వెళ్ళండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. నలుగురిలో అడగలేనివాళ్ళు చీటీ రాసి పంపండి, పేరు రాయక్కర్లేదు.