మిర్చి లాటు నుంచి కృష్ణా వరద దాకా: సంబంధం ఎప్పుడు ప్రమేయం అవుతుంది?

[స్క్రీన్: గుంటూరు మిర్చి యార్డు. వరసగా పేర్చిన మిర్చి టిక్కీలు (బస్తాలు). కాయ విరిచి చూస్తున్న ఓ వ్యాపారి చేయి.]

నమస్తే. ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో అడుగుపెట్టగానే ఎదురయ్యే సంబంధాలు, ప్రమేయాల గురించి మాట్లాడుకుందాం. నిర్వచనం బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకోవడం కష్టమేం కాదు. కానీ ఇక్కడ పునాది గట్టిగా పడకపోతే తర్వాత వచ్చే అవధులు, అవకలనాలు ఏవీ మనసుకెక్కవు. అందుకే నిదానంగా వెళ్దాం. మనం ముందుగా మిర్చి యార్డుకొచ్చాం.

ఒక ఉదయం నాలుగు లాట్లు అమ్ముడయ్యాయనుకోండి.

[స్క్రీన్ మీద పట్టిక:
లాట్ 1: తేజ, 15,000
లాట్ 2: తేజ, 13,500
లాట్ 3: 334 రకం, 13,500
లాట్ 4: 341 రకం, 14,000]

ధర క్వింటాకు, రూపాయల్లో. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు, ఇవాళ్టి రేట్లు కావు.

మొదట రకాన్నీ ధరనీ జత కడదాం. తేజకు 15,000. మళ్లీ తేజకే 13,500. 334కు 13,500. 341కి 14,000. ఇలా వరస తప్పకుండా రాసిన జతను క్రమయుగ్మం అంటాం. రకం ముందు, ధర వెనక. తిరగేస్తే అది వేరే యుగ్మం.

మన దగ్గర రకాలు మూడు, ధరలు మూడు. ప్రతి రకాన్నీ ప్రతి ధరతోనూ జత కడితే 3 ఇంటూ 3, మొత్తం 9 యుగ్మాలు. ఈ తొమ్మిదింటి సమితే కార్టీజియన్ లబ్ధం. అందులోంచి మీకిష్టమైనన్ని ఏరుకోండి. ఏరుకున్నదేదైనా సరే, ఆ ఉపసమితి ఒక సంబంధం. ఒక్కటీ ఏరకపోయినా సంబంధమే, దాన్ని శూన్య సంబంధం అంటారు. మన యార్డు తొమ్మిదింట్లో నాలుగు ఏరింది.

ఇలాంటి సంబంధాలు మొత్తం ఎన్ని ఉండొచ్చు? ఒక్కో యుగ్మం లోపలన్నా ఉండాలి, బయటన్నా ఉండాలి. అంటే ఒక్కోదానికి 2 దారులు, 9 యుగ్మాలకు 2 పవర్ 9. అది 512. ఈ అంకె గుర్తుంచుకోండి, కాసేపట్లో అవసరపడుతుంది.

[స్క్రీన్: ఎడమ పక్క మూడు రకాలు, కుడి పక్క మూడు ధరలు. తేజ నుంచి రెండు బాణాలు బయల్దేరతాయి.]

ఇప్పుడు అసలు ప్రశ్న. "తేజ ధర ఎంతండీ?" అని ఎవరైనా అడిగితే ఏం చెప్తారు? ఒక్క మాటలో చెప్పలేరు. ఒక లాటులో కాయ ఎర్రగా, గలగలలాడేంత ఎండి ఉంది. రెండో దాంట్లో తేమ ఉంది, తాలు కలిసింది. రకం ఒకటే అయినా చేతిలోకి తీసుకున్న సరుకు ఒకటి కాదు. అందుకే రెండు ధరలు పలికాయి. ఒక్కోదాని నుంచి ఒకే బాణం బయల్దేరితేనే ప్రమేయం అంటాం. తేజ నుంచి రెండు బయల్దేరాయి కాబట్టి ఇది సంబంధమే గానీ ప్రమేయం కాదు.

ఇప్పుడు ఎడమ పక్క రకాలు తీసేసి లాట్ నంబర్లు పెట్టండి. లాట్ 1కి 15,000. 2కి 13,500. 3కి 13,500. 4కి 14,000. ఏ లాటు అడిగినా ఒకే జవాబు. ఇది ప్రమేయం. సరుకూ, యార్డూ, ధరలూ ఏవీ మారలేదు. దేని నుంచి బయల్దేరుతున్నామన్నది మాత్రమే మారింది.

ఈ వీడియోలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. ఫలానాది ప్రమేయమా కాదా అనే ముందు, అది ఏ సమితి నుంచి ఏ సమితికి అని అడగండి. అది చెప్పకుండా ప్రశ్న పూర్తి కాదు.

విద్యార్థులు తరచూ తడబడే చోటు ఇంకొకటుంది. లాట్ 2కీ లాట్ 3కీ ధర ఒకటే కదా, ఇబ్బంది లేదా? లేదు. ఇద్దరికి ఒకే ధర రావచ్చు. ఒకరికి రెండు ధరలు రాకూడదు. అలాగే ఎవరూ మిగిలిపోకూడదు. ఐదో లాటు వచ్చి, ధర నచ్చక రైతు అమ్మలేదనుకోండి. అప్పుడు ఐదు లాట్ల సమితి నుంచి ధరల సమితికి ఇది ప్రమేయం కాదు, ఎందుకంటే ఐదో లాటుకు జవాబు లేదు. బయల్దేరే సమితిలోని ప్రతి మూలకానికీ ప్రతిబింబం, అంటే జవాబు, ఉండాలి, ఒక్కటే ఉండాలి. రెండు షరతులూ నిలవాలి.

బయల్దేరే సమితి ప్రదేశం. చేరే సమితి సహప్రదేశం. చేరే సమితిలో నిజంగా బాణం తగిలినవాటిని మాత్రమే కలిపితే వ్యాప్తి. ధరల సమితిలో 12,000 కూడా ఉండి, ఏ లాటూ ఆ ధర పలకకపోతే, 12,000 సహప్రదేశంలో ఉంటుంది, వ్యాప్తిలో ఉండదు.

512 గుర్తుందా? మూడు రకాల నుంచి మూడు ధరలకు ప్రమేయాలు ఎన్నో చూద్దాం. ఒక్కో రకానికి 3 దారులు, కాబట్టి 3 ఇంటూ 3 ఇంటూ 3, మొత్తం 27. 512 సంబంధాల్లో ప్రమేయాలు 27 మాత్రమే. ఏ రెండు రకాలకూ ఒకే ధర రాకూడదంటే 3 ఇంటూ 2 ఇంటూ 1, ఇక మిగిలేవి 6. ఇలా వేర్వేరు మూలకాలు వేర్వేరు చోట్లకు చేరితే అన్వేకం. సహప్రదేశంలో ఒక్కటీ ఖాళీగా మిగలకపోతే సంగ్రస్తం. రెండూ అయితే ద్విగుణం. ఈ ఆరూ ద్విగుణాలే.

[స్క్రీన్: తెల్ల బోర్డు.]

ఇంతసేపూ ఒక్క సూత్రం కూడా రాయలేదు, గమనించారా? కావాలనే రాయలేదు. ప్రమేయమంటే సూత్రమే అన్న అభిప్రాయం చాలా గట్టిది. గణిత చరిత్రలోనూ అది చాలాకాలం నిలిచింది. ఎఫ్ ఆఫ్ ఎక్స్ అని రాసే పద్ధతి 1730లలో ఆయిలర్ మొదలుపెట్టాడు. 1837లో డిరిష్లే వచ్చి, సూత్రం ఉన్నా లేకున్నా ప్రతి ఎక్స్‌కీ ఒకే వై దొరికితే చాలన్నాడు. మన పుస్తకంలోని నిర్వచనం ఆ దారిలో వచ్చిందే.

సూత్రం ఉన్నచోట కూడా ప్రదేశం చెప్పాలి. ఎక్స్ స్క్వేర్ తీసుకోండి. వాస్తవ సంఖ్యల నుంచి వాస్తవ సంఖ్యలకు అంటే అది అన్వేకం కాదు, 3కీ మైనస్ 3కీ 9 వస్తుంది. సంగ్రస్తమూ కాదు, మైనస్ 4 ఎవరికీ రాదు. అదే సూత్రాన్ని సున్నా, ఆపైన ఉన్న సంఖ్యల నుంచి సున్నా, ఆపైన ఉన్న సంఖ్యలకు అనండి. ద్విగుణం అయిపోయింది. సూత్రం ఒకటే, ప్రమేయాలు రెండు. పరీక్షలో ప్రశ్న చివర ప్రదేశం, సహప్రదేశం రాసిన ఆ చిన్న ముక్కను దాటేసి లెక్కలోకి దూకితే మార్కులు పోయేది ఇక్కడే.

వర్గమూలం సంగతి కూడా చెప్పేస్తాను. రూట్ 9 అంటే 3 మాత్రమే, ప్లస్ ఆర్ మైనస్ 3 కాదు. రెండు విలువలిస్తే అది ప్రమేయమే కాకుండా పోతుంది.

[స్క్రీన్: ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ ఈక్వల్స్ 25, వృత్తం. దాన్ని రెండు చోట్ల ఖండిస్తూ నిలువు గీత.]

వృత్తం చూడండి. ఎక్స్ 3 అయితే వై 4 కావచ్చు, మైనస్ 4 కావచ్చు. నిలువు గీత రెండు చోట్ల తగిలింది. ప్రమేయం కాదు. పై సగం మాత్రం ఉంచితే అవుతుంది.

[స్క్రీన్: విజయవాడ. ప్రకాశం బ్యారేజీ, గేట్లన్నీ ఎత్తి ఉన్నాయి.]

ఇప్పుడు సూత్రం దొరకని ప్రమేయం ఒకటి చూద్దాం. 2024 సెప్టెంబరు మొదట్లో ఈ బ్యారేజీ నుంచి వదిలిన ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజుల్లో ఏ క్షణం తీసుకున్నా ప్రవాహం విలువ ఒక్కటే ఉంటుంది. కాబట్టి కాలం నుంచి ప్రవాహానికి ఇది ప్రమేయం. దీన్ని ఎఫ్ అందాం. ఇది అన్వేకం కాదు. వరద పెరిగేటప్పుడు 8 లక్షల మీదుగా వెళ్లింది, తగ్గేటప్పుడు మళ్లీ 8 లక్షల మీదుగానే దిగింది. గ్రాఫు మీద అడ్డగీత గీస్తే రెండు చోట్ల తగులుతుంది.

ఇక్కడ ఇంకో ప్రమేయం కూడా పనిచేస్తోంది. ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండో హెచ్చరిక. 3.97 లక్షల కంటే తక్కువైతే హెచ్చరిక లేదు, సున్నా అనుకోండి. ఇది ప్రవాహం నుంచి హెచ్చరికకు వెళ్లే ప్రమేయం, జి. గ్రాఫు గీస్తే మెట్లలా వస్తుంది.

[స్క్రీన్: మూడు పెట్టెలు. కాలం, ప్రవాహం, హెచ్చరిక. మధ్యలో ఎఫ్, జి బాణాలు.]

రెండూ కలిపితే కాలం చెప్పగానే హెచ్చరిక తెలుస్తుంది. ఇది సంయుక్త ప్రమేయం. జి ఆఫ్ ఎఫ్ ఆఫ్ టి అని రాస్తాం. రాతలో జి ముందున్నా పని మొదలయ్యేది ఎఫ్‌తో. ఎఫ్ ఇచ్చిన ప్రవాహాన్నే జి తీసుకోవాలి కాబట్టి తలకిందులుగా కలపడం కుదరదు. కాలం తీసుకునే ఎఫ్‌కు హెచ్చరిక నంబరు ఇచ్చి ఏం చేయగలం?

వెనక్కి నడవగలమా? రెండో హెచ్చరిక అని విన్నారు. ప్రవాహం ఎంతో చెప్పండి. 6 లక్షలు కావచ్చు, 11 లక్షలు కావచ్చు. జి అన్వేకం కాదు, అందుకే దానికి విలోమ ప్రమేయం లేదు. కరకట్ట పక్కన ఉండేవాళ్లకు ఆ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు. హెచ్చరిక నంబరుతో పాటు ఎన్ని లక్షల క్యూసెక్కులో కూడా చెప్పాల్సి వచ్చేది అందుకే.