సబ్బుబిళ్ళ పికప్‌లు, మూడు కిలోల లోపు బరువు: ఎపిఫోన్ ఎస్‌జీ స్పెషల్ రివ్యూ

అందరికీ నమస్తే. ముందు ఈ శబ్దం వినండి.

(గిటార్ ముట్టుకోకుండా ఆంప్లిఫయర్ వాల్యూమ్ పెంచితే గుర్రుమంటుంది)

ఆంప్ పాడవలేదు. నేనింకా ఒక్క స్ట్రింగ్ కూడా మీటలేదు. పైన ఫ్యాన్ సగం స్పీడులో తిరుగుతోంది, దాని రెగ్యులేటర్ పాడుతున్న పాట ఇది. దీని సంగతి తర్వాత చెప్తాను. అసలు ఈ గిటార్ మా ఇంటికి ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి.

నేను ఆదివారాలు చర్చిలో వాయిస్తాను. పాట, ప్రార్థన, మళ్ళీ పాట, అన్నీ కలిపి రెండున్నర గంటలు నిలబడే ఉండాలి. క్రిస్మస్ రోజుల్లో అయితే ఇంక చెప్పక్కర్లేదు. నా పాత గిటార్ నాలుగు కిలోల పైమాటే. ఎడమ భుజం పట్టేస్తోందని ఫిజియోథెరపీకి వెళ్తే, "బరువు తగ్గించండి" అన్నారు. నా బరువనుకుని అన్నం మానేద్దామనుకున్నా. గిటార్ బరువట.

సరే, తేలికైనది కావాలి. పికప్‌లు, అంటే స్ట్రింగ్ కదలికని పట్టి ఆంప్‌కి పంపే భాగాలు, పీ-90 రకానివే ఉండాలి. జేబుకు చిల్లు పడకూడదు. ఈ మూడూ ఒకేచోట దొరకడం కష్టమేనండీ. చివరికి ఎపిఫోన్ ఎస్‌జీ స్పెషల్ పీ-90 సెకండ్ హ్యాండ్‌లో 34 వేలకు దొరికింది. సూట్‌కేసు తూచే కొక్కేనికి తగిలిస్తే 2.9 కిలోలు చూపించింది. ఒకే మోడల్‌లో కూడా చెక్కని బట్టి బరువు అటూ ఇటూ అవుతుంది కాబట్టి, మీరు కొనేటప్పుడు దుకాణానికి ఆ కొక్కెం పట్టుకెళ్ళండి. నవ్వితే నవ్వనివ్వండి.

ఇంత తేలిక ఎలా అయిందంటే, చెక్క పలచన. ఎస్‌జీ బాడీ మందం సుమారు 35 మిల్లీమీటర్లు. ఇవే పికప్‌లున్న లెస్ పాల్ స్పెషల్ అనే గిటార్ బాడీ 44 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. రెండూ మహాగనీయే. ఆ తొమ్మిది మిల్లీమీటర్ల తేడా రెండో గంటలో భుజానికి తెలుస్తుంది.

ఇక పికప్‌లు. గిబ్సన్ కంపెనీ (ఎపిఫోన్ దాని బ్రాండే) పీ-90ని 1946లో తెచ్చింది. ఇదిగో, దగ్గరగా చూపిస్తాను. పొడవాటి పలకలా, అంచులు గుండ్రంగా, అచ్చం సబ్బుబిళ్ళలా ఉంది కదా, అందుకే సోప్‌బార్ అన్నారు. రెండు పక్కలా రెక్కలొచ్చి బాడీకి స్క్రూలతో బిగించే ఇంకో రకం ఉంది, దాన్ని డాగ్-ఇయర్ అంటారు, అంటే కుక్క చెవులు. లోపల సరుకు ఒకటే.

పీ-90 సింగిల్ కాయిల్ పికప్, అంటే ఒకే తీగచుట్ట ఉన్నది. ఆ మాట అనగానే చాలామందికి స్ట్రాటోకాస్టర్ గిటార్ గుర్తొస్తుంది. అందులో కాయిల్ సన్నగా, ఎత్తుగా ఉంటుంది, స్ట్రింగ్ కింద అయస్కాంతపు కడ్డీలే నిలబడి ఉంటాయి. పీ-90లో కాయిల్ వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. రాగి తీగ దాదాపు పదివేల చుట్లు. అయస్కాంతాలు రెండు పట్టీల్లా అడుగున పడుకుని ఉంటాయి, పైన కనిపించేవి ఉత్త స్క్రూలు. వెడల్పు కాయిల్ కాబట్టి స్ట్రింగ్‌లో ఎక్కువ పొడవుని వింటుంది. చుట్లు ఎక్కువ కాబట్టి సిగ్నల్ గట్టిగా వస్తుంది, పై స్వరాల పదును కొంచెం తగ్గి మధ్య స్వరాలు ముందుకొస్తాయి. వినండి.

(గిటార్ మెడ దగ్గరి నెక్ పికప్, క్లీన్ టోన్, తర్వాత స్ట్రింగ్స్ చివరి బ్రిడ్జ్ పికప్, కొద్దిగా గెయిన్, అంటే శబ్దం కాస్త చిరిగేలా)

మొదటిది కొంచెం బొంగురుగా, నిండుగా ఉంది. రెండోది గొంతెత్తి అరిచినట్టుంది కానీ చెవిలో గుచ్చుకోవట్లేదు. నాకు ఇందులో బాగా నచ్చింది ఇంకోటి. ఆంప్‌ని గెయిన్‌లోనే ఉంచి గిటార్ వాల్యూమ్ పది నుంచి ఐదుకి తెస్తున్నా, చూడండి. పెడల్ ముట్టుకోకుండానే అరుపు మాటగా మారిపోయింది. చర్చిలో పాట మధ్య ప్రార్థన మొదలైతే నాకిదే ఆధారం. 1969లో అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం వేదిక మీద రాక్ గిటారిస్టులు పీట్ టౌన్‌షెండ్, కార్లోస్ సంటానా ఇద్దరూ పట్టుకున్నది పీ-90లున్న గిబ్సన్ ఎస్‌జీ స్పెషలే. ఒకే రకం గిటార్, వాళ్ళిద్దరి వాయిద్యానికీ పోలికే లేదు. చేతిని దాచని పికప్ ఇది. తప్పు వాయించినా దాచదు, అది వేరే బాధ.

ఇప్పుడు ఆ గుర్రు సంగతి. సింగిల్ కాయిల్ ఏదైనా చుట్టుపక్కల కరెంటుని యాంటెన్నాలా పట్టేస్తుంది. విదేశీ వీడియోల్లో సిక్స్‌టీ సైకిల్ హమ్ అంటారు, అది అమెరికా కరెంటు లెక్క. మనది 50 హెర్ట్జ్, అంటే దాదాపు జీ స్వరం. జీ స్కేల్‌లో పాటైతే శ్రుతిపెట్టె అనుకుని సర్దుకోండి! సరదాకి అన్నాను. నిజంగా చేయాల్సింది వేరే. నాబ్ తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటుని ముక్కలుగా కోసి పంపుతుంది, ఆ గర్‌ర్‌మనే గొంతు అక్కడిదే. ఫ్యాన్ ఆపండి, లేదా గిటార్ పట్టుకుని మెల్లగా పక్కకు తిరగండి.

(ఫ్యాన్ ఆపి, కుర్చీ తిప్పుతూ)

విన్నారా, సగానికి సగం పోయింది. స్ట్రింగ్స్ మీద చెయ్యి వేస్తే ఇంకా తగ్గాలి. తగ్గితే గిటార్ లోపలి గ్రౌండ్ సరిగానే ఉన్నట్టు. చెయ్యి వేస్తే షాక్ కొట్టినట్టు జివ్వుమంటే మాత్రం వెంటనే ఆపేసి ముందు ఇంటి ఎర్తింగ్ చూపించండి, ఇక్కడ జోకులు వద్దు.

లోపాలు చెప్పకపోతే రివ్యూ ఎందుకు? బాడీ తేలికైతే నెక్ కిందికి వాలుతుంది. ఎస్‌జీలో నెక్ చాలా ముందుకొస్తుంది, ముందు స్ట్రాప్ బటన్ నెక్ మొదట్లో వెనకవైపు ఉంటుంది. చెయ్యి వదిలారా, ఇదిగో, తల నేల చూస్తోంది. నైలాన్ స్ట్రాప్ తీసేసి లోపలివైపు గరుకుగా ఉన్న వెడల్పాటి తోలు స్ట్రాప్ వేస్తే చాలావరకు ఆగింది. పూర్తిగా ఆగలేదు. తేలికదనానికి కట్టే పన్ను అది. స్ట్రింగ్స్ ఆనే బ్రిడ్జ్, వాటిని పట్టి ఉంచే టెయిల్‌పీస్ కలిపి ఒకే ముక్క కాబట్టి ఒక్కో స్ట్రింగ్‌కి విడిగా ఇంటోనేషన్, అంటే మెడ పొడవునా శ్రుతి సరిగ్గా ఉండేలా, సర్దే వీల్లేదు. నాకది పెద్ద ఇబ్బంది అనిపించలేదు.

ఒక ముచ్చట. ఫ్రెట్‌బోర్డ్ చెక్క పేరు ఇండియన్ లారెల్ అని రాసి ఉంటే ఏదో విదేశీ రకం అనుకున్నా. తీరా చూస్తే మన నల్లమద్ది! 2017లో రోజ్‌వుడ్ ఎగుమతి మీద అంతర్జాతీయ నిబంధనలు బిగిశాయి, గిటార్ కంపెనీలు చాలావరకు వేరే చెక్కలు వెతుక్కున్నాయి. అలా మన అడవుల్లో పెరిగే రకం చెక్క అంత దూరం తిరిగి నా వేళ్ళ కిందికొచ్చింది.

ఇది కాక వేరేది అడిగితే, ఎపిఫోన్ క్యాసినో ఇంకా తేలిగ్గా అనిపిస్తుంది, లోపలంతా డొల్ల. కానీ గట్టి సౌండున్న స్టేజీ మీద ఫీడ్‌బ్యాక్‌తో, అంటే ఆంప్ కూతతో, ఏడిపిస్తుంది. నెక్ వాలడం అసలు భరించలేనంటే లెస్ పాల్ స్పెషల్ చూడండి, ఆ కాస్త బరువు మోయాలి. ఇప్పటికే తేలికైన హంబకర్ గిటార్ (రెండు కాయిళ్ళతో గుర్రు తగ్గించే పికప్‌లున్నది) ఉందా? కొత్తది కొనకండి. హంబకర్ సైజులోనే పీ-90లు అమ్ముతారు, చెక్క తొలిచే పని లేకుండా అదే గుంతలో కూర్చుంటాయి.

ఇక నా మాటలు చాలు. బ్రిడ్జ్ పికప్, వాల్యూమ్ పది, ఫ్యాన్ ఆఫ్. చెమటలు పట్టేలోపు వాయించేస్తాను.