దూది కరిగే ఉప్పు

అందరికీ నమస్కారం.

గ్లాసుడు నీళ్లలో చెంచాడు పంచదార వేసి కలిపితే ఇట్టే కరిగిపోతుంది. అదే నీళ్లలో దూది వేసి రోజంతా మరిగించండి, దూది దూదిలాగే ఉంటుంది. చిత్రమేమిటంటే దూదిలో ఉన్నదీ చక్కెరే. గ్లూకోజు అణువులు వేల సంఖ్యలో గొలుసుకట్టితే సెల్యులోజ్. గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలుంటాయి. విడివిడిగా అవి బలహీనమే, కానీ పోచలు పేనితే మోకు అయినట్టు, అన్నీ కలిస్తే నీళ్లు దూరే సందు దొరకదు. వరిగడ్డిలో, పత్తికట్టెలో దీనికి తోడు లిగ్నిన్ అనే జిగురు కూడా ఉంటుంది.

ఈ పేనుడు విప్పేది ఒక రకం ఉప్పు. మన వంటింటి ఉప్పు ద్రవం కావాలంటే 801 డిగ్రీల వేడి కావాలి. 1914లో రసాయన శాస్త్రవేత్త పాల్ వాల్డెన్ చూపిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ అనే ఉప్పు 12 డిగ్రీలకే ద్రవం. ఇటుకలైతే వరస కుదురుతుంది, వంకర రాళ్లు ఎంత పేర్చినా కుదరవు. ఇలాంటి ఉప్పుల్లోని అయాన్లూ, అంటే విద్యుదావేశమున్న కణాలూ అంతే, సరిగ్గా పేరుకోలేక ద్రవంగానే ఉండిపోతాయి. వీటినే అయానిక్ ద్రవాలంటాం.

2002లో అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో రాబిన్ రోజర్స్ బృందం ఇలాంటి ఒక క్లోరైడ్ ఉప్పులో సెల్యులోజ్‌ను కరిగించి చూపింది. గొలుసుల మధ్య బంధాల్లోకి క్లోరైడ్ అయాన్లు జొరబడి వాటిని విడదీస్తాయి. తయారయ్యేది తేనెలాంటి చిక్కటి పాకం. దాన్ని నీళ్లలో పోస్తే సెల్యులోజ్ మళ్లీ బయటపడుతుంది, ఈసారి వదులుగా. అందుకే ఎంజైములు దాన్ని త్వరగా చక్కెరగా మారుస్తాయి, ఆ చక్కెరను పులియబెడితే ఇథనాల్.

ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంవాళ్లు మరో అయానిక్ ద్రవంతో చేసిన ఇలాంటి పాకాన్ని, జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు, సన్నటి రంధ్రాల గుండా నీళ్లలోకి దింపి దారం తీశారు. పేరు అయాన్‌సెల్. 2018 స్వాతంత్ర్య దినోత్సవ విందుకు అప్పటి దేశాధ్యక్షుడి భార్య జెన్నీ హౌకియో కట్టుకొచ్చిన గౌను బిర్చ్ చెట్టు గుజ్జుతో నేసినదే. చెట్టు గుజ్జుతోనే తీసే విస్కోస్ దారం తయారీలో కార్మికుల నరాలను దెబ్బతీసే కార్బన్ డైసల్ఫైడ్ దీనిలో అక్కర్లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

అయితే ఈ అయానిక్ ద్రవాలకు 'హరిత ద్రావణి', అంటే పర్యావరణానికి హాని చేయనిది, అన్న బిరుదు తొందరపడి ఇచ్చేశారనిపిస్తుంది. దాదాపుగా ఆవిరి కావు కాబట్టి గాలిలో కలవవు, నిజమే. కానీ వీటిలో కొన్ని నీటి జీవులకు విషం. పైగా ఖరీదు. సెల్యులోజ్‌ను బయటికి తెచ్చిన ఆ నీళ్లను మళ్లీ కాచి తోలేస్తేనే ఉప్పు తిరిగి పనికొస్తుంది. అసలు ఖర్చంతా అక్కడే. ఎవరైనా 'కరిగించాం' అంటే, 'ఎన్నిసార్లు తిరిగి వాడారు?' అనడుగుతాను.

లండన్ ఇంపీరియల్ కాలేజీవాళ్లు వేరే దారి పట్టారు. సల్ఫ్యూరిక్ ఆమ్లం, ట్రైఇథైల్ అమీన్ కలిపితే వచ్చే చవక ద్రవమది. కొంత నీరున్నా దానికి పరవాలేదు. సెల్యులోజ్ జోలికి పోకుండా లిగ్నిన్‌నే లాగేస్తుంది. నీళ్లు ఇంకాస్త పోస్తే లిగ్నిన్ గోధుమరంగు మడ్డిలా అడుగున దిగుతుంది.

ముందు వరుస నుంచి ఒక సీసా వస్తోంది, చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. లోపలున్నది దూదిని కరిగించే రకం. మూత మాత్రం తీయొద్దు. గాలిలో తేమను తాగేస్తుంది. తాగిందా, ఇక దూదిని ముట్టదు.