కోర్టు కొలువు: జీతమా, సెలవులా, అసలు లాభం ఎక్కడుంది? (స్టూడియో చర్చ)

యాంకర్: నమస్కారం. 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు, జిల్లా కోర్టులు కలిపి 1,673 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, అదే ఏడాది మేలో ఆంధ్రప్రదేశ్ జిల్లా కోర్టుల్లో 1,620 పోస్టులకి ఇచ్చారు. అప్పటి నుంచి పిల్లలు అడిగేది ఒకటే: కోర్టులో చేరాలా, గ్రూప్-2 వచ్చేదాకా ఆగాలా? ఈ రోజు మనతో సిరస్తదారుగా, అంటే కోర్టు ఆఫీసు సిబ్బందికి పెద్దగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు, ఒక మేజిస్ట్రేట్ కోర్టులో జడ్జి గారి ముందు కేసుల కాగితాలు చూసుకునే బెంచి క్లర్కుగా చేస్తున్న మేడం ఉన్నారు, సివిల్ కేసులు చూసే లాయరు గారు ఉన్నారు. సార్, మీతో మొదలుపెడదాం. జీతం బాగుంటుందా?

రిటైర్డ్ సిరస్తదారు: జీతం గురించి గంట మాట్లాడక్కర్లేదండీ. తెలంగాణలో జూనియర్ అసిస్టెంట్‌కి 24,280 నుంచి 72,850 స్కేలు. ట్రెజరీలో చేరినా అదే, పంచాయతీరాజ్‌లో చేరినా అదే. పైన డీఏ, ఇంటి అద్దె అలవెన్సు హైదరాబాద్‌లో అయితే 24 శాతం, చిన్న ఊళ్లో 11. పెన్షన్ విషయానికొస్తే 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లందరూ సీపీఎస్ (జీతంలోంచి వాటా కట్టే పెన్షన్) బాపతే, కోర్టువాడికి వేరే దారేమీ లేదు. జీతం చూసి కోర్టుకి రావద్దు, జీతం చూసి మానేయొద్దు కూడా.

యాంకర్: మరి ఏం చూసి రావాలి?

రిటైర్డ్ సిరస్తదారు: పైన ఎవడున్నాడో చూసి రావాలి. రాజ్యాంగంలో 235వ అధికరణం ఉంది, కింది కోర్టుల మీద అజమాయిషీ అంతా హైకోర్టుది. స్టాఫ్‌కి అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇచ్చేది జిల్లా జడ్జి గారు, బదిలీ చేసేదీ ఆయనే. మా బావమరిది రెవెన్యూలో చేశాడు, ఎలక్షన్లు అయిన ప్రతిసారీ సూట్‌కేసు సర్దుకుని కూర్చునేవాడు, కొత్త ఎమ్మెల్యే ఎవరి మనిషిని తెచ్చుకుంటాడో అని. నా సర్వీసు మొత్తంలో ఒక్క ఎమ్మెల్యే లెటర్ నా బదిలీ ఫైల్లోకి రాలేదు. వచ్చినా పని చేయదు సరికదా, ఎవరు తెచ్చారని ఎదురు నోటీసు వస్తుంది. పైరవీ లేని ఉద్యోగం అంటే ఏంటో బయటివాళ్లకి అర్థం కాదు, అది అనుభవిస్తేనే తెలుస్తుంది.

బెంచి క్లర్కు: సార్ చెప్పింది కాదనను. కానీ సార్, ఆ ఒక్క బాసు మూడు గజాల దూరంలో కూర్చుంటారు కదా, అది కూడా చెప్పాలి. వేరే ఆఫీసులో పెద్దాఫీసరు నెలకోసారి వస్తే గొప్ప. మాకు పొద్దున్న పదిన్నరకి కాల్ వర్క్, అంటే కేసులు పిలవడం మొదలైతే ఏ కేసు కట్ట కనిపించకపోయినా అందరి ముందే అడుగుతారు, ప్లీడర్లు, ముద్దాయిలు, పోలీసులు అంతా చూస్తుండగా. కొత్తగా చేరినప్పుడు నాకు చేతులు వణికేవి. జడ్జి గారు బెంచి దిగాక పని అయిపోయిందనుకుంటారు, అసలు పని అప్పుడే. ఆ రోజు పిలిచిన ప్రతి కేసుకీ వాయిదా తేదీ కంప్యూటర్లో ఎక్కించాలి, లేకపోతే రాత్రికి ఎవరో కక్షిదారు ఫోన్లో చూసుకుని పొద్దున్నే గేటు దగ్గర నిలబడతాడు.

లాయరు: మేడం, మేలో సెలవులుంటాయిగా మీకు!

బెంచి క్లర్కు: అదిగో, ఆ మాట వస్తుందని తెలుసు. మేలో సెలవులు సివిల్ కోర్టులకండీ. మేజిస్ట్రేట్ కోర్టుకి రిమాండులు ఆగుతాయా? మా అక్క పిల్లలు వేసవికి వస్తే నేను ఏప్రిల్లో ఎంత బిజీయో మేలోనూ అంతే. సివిల్ వైపు ఉన్నవాళ్లకి మాత్రం నిజంగానే లాభం, దసరాకి, సంక్రాంతికి కూడా. డ్యూటీ పడినవాళ్లకి ఈఎల్ (సంపాదిత సెలవు) జమ అవుతుంది.

యాంకర్: రిస్కు ఉందా ఈ ఉద్యోగంలో?

బెంచి క్లర్కు: ప్రాపర్టీ సెక్షన్ ఇచ్చారంటే ఉంది. పోలీసులు స్వాధీనం చేసుకుని డిపాజిట్ చేసే వస్తువులన్నీ అక్కడే ఉంటాయి. కత్తులు, రక్తం మరకల చీరలు, సెల్‌ఫోన్లు, సారా సీసాలు, ఒక్కోసారి బంగారం. ఒకసారి నేను చార్జి తీసుకుంటున్నప్పుడు పాత క్లర్కుకి బదిలీ తొందర, "రిజిస్టర్ అంతా కరెక్టే, సంతకం పెట్టెయ్ చెల్లీ" అన్నాడు. నేను పెట్టలేదు. ఒక్కో పొట్లం సీలు, చీటీ మీద కేసు నెంబరు, రిజిస్టర్లో ఎంట్రీ, మూడూ సరిచూసుకుంటూ వారం పట్టింది, అందరూ నన్ను తిట్టుకున్నారు. చీటీ ఊడిపోయిన పొట్లాలు బయటపడ్డాయి. సంతకం పెట్టేసి ఉంటే అవన్నీ నా మెడకి చుట్టుకునేవి. కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఇదే, ఎంత సీనియర్ అడిగినా లెక్క చూడకుండా చార్జి తీసుకోకండి.

లాయరు: నేను ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. నకలు కాపీ కోసం చేయి తడపందే కదలని చోట్లు నేను చూశాను.

రిటైర్డ్ సిరస్తదారు: కోపం ఎందుకండీ, ఉన్నదే. అయితే ఒకప్పుడు వాయిదా ఎప్పుడో తెలుసుకోవడానికి కూడా బంట్రోతుని బతిమాలుకునేవాళ్లు, ఇప్పుడు ఈ-కోర్టుల సైట్లో కేసు నెంబరు కొడితే వస్తోంది. ఆ బేరం చాలావరకు పోయింది. ఇంకోటి, ఇక్కడ కంప్లయింటు కలెక్టరేట్ చుట్టూ తిరగదు, నేరుగా జడ్జి గారి టేబుల్ మీదకి వెళ్తుంది. మధ్యాహ్నం కంప్లయింటు, సాయంత్రానికి సస్పెన్షన్ ఆర్డరు, నేనే టైపు చేయించాను. మామూళ్ల మీద ఆశ ఉన్నవాడికి ఇది మంచి డిపార్ట్‌మెంట్ కాదు, ఖచ్చితంగా చెప్తున్నా.

యాంకర్: డిగ్రీ లేనివాళ్ల సంగతి? ప్రాసెస్ సర్వర్, ఆఫీస్ సబార్డినేట్ లాంటివి?

రిటైర్డ్ సిరస్తదారు: ప్రాసెస్ సర్వర్‌ని తక్కువగా చూడకండి. సమన్లు పట్టుకుని ఊరికి వెళ్తే ఆ మనిషి ఇంట్లోనే ఉండి లేడనిపిస్తాడు. అప్పుడు కాగితం తలుపుకి అంటించి, పక్కింటివాళ్లని గుర్తింపుకి అడిగి, ఎప్పుడు వెళ్లాడో ఎలా అంటించాడో రాసి కోర్టుకి రిటర్న్ ఇవ్వాలి. వాడు రాసిన ఆ నాలుగు లైన్ల మీదే రేపు అవతలివాడు రాకపోయినా ఇచ్చే ఎక్స్‌పార్టీ డిక్రీ నిలబడుతుందా, పడిపోతుందా అన్నది ఉంటుంది.

లాయరు: నిజమే, రిటర్న్ సరిగ్గా లేదని డిక్రీ రద్దయిపోయినవాళ్లు నా క్లయింట్లలోనే ఉన్నారు.

రిటైర్డ్ సిరస్తదారు: పెద్ద లాభం ఒకటి మర్చిపోయాను, అది ముందే చెప్పాల్సింది. కోర్టు స్టాఫ్‌లో ఉంటూ లా డిగ్రీ సంపాదించినవాళ్లకి సివిల్ జడ్జి పోస్టుల్లో కొంత వాటా ఉంది, బదిలీ కోటా అంటారు. నేరుగా భర్తీ చేసే పోస్టుల కన్నా చాలా తక్కువే, పరీక్షా రాయాల్సిందే, ఎవరూ ఊరికే ఇవ్వరు. కానీ సివిల్ జడ్జికి మొదటి బేసిక్కే 77,840. గుమాస్తాగా చేరినవాడు బెంచి ఎక్కడానికి దారి ఉన్న డిపార్ట్‌మెంట్ ఇంకోటి చూపించండి.

బెంచి క్లర్కు: దారి ఉంది సార్, టైమే లేదు. లా పుస్తకం తెరిచేసరికి రాత్రి పది దాటుతోంది. పైగా చదువుకోడానికి పర్మిషన్ పెట్టుకోవాలి.

లాయరు: కానీ మేడం, మీరు రోజూ చూసే సాక్ష్యాలు, సాక్ష్యంగా ఇచ్చిన కాగితాలకి ఎగ్జిబిట్ నెంబర్లు వేయడం, ముద్దాయి మీద చార్జి ఫ్రేమింగు (అభియోగాలు మోపడం), మా జూనియర్లకి రెండేళ్లు పట్టే విషయాలు అవి. సెక్షన్ నెంబర్లు మా కన్నా మీకే ముందు గుర్తొస్తాయి.

బెంచి క్లర్కు: అది ఒప్పుకుంటాను.

యాంకర్: ప్రమోషన్లు ఎలా ఉన్నాయి?

రిటైర్డ్ సిరస్తదారు: మా రోజుల్లో సీనియర్ అసిస్టెంట్ అయ్యేసరికి జుట్టు నెరిసేది. 2022 జూన్ 2 నుంచి తెలంగాణలో 33 జ్యుడీషియల్ జిల్లాలు అయ్యాయి, అంతకు ముందు పదే. జిల్లా పెరిగితే సూపరింటెండెంటు కుర్చీలూ పెరిగాయి. సివిల్ జ్యుడీషియల్, క్రిమినల్ జ్యుడీషియల్ టెస్టులు మాత్రం చేరిన వెంటనే రాసి పడేయాలి. టెస్టు పాసవ్వక జూనియర్ల కింద పనిచేసినవాళ్లు బోలెడుమంది.

యాంకర్: చివరిగా, ఇప్పుడు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న కుర్రాడికి మీరిచ్చే సలహా?

రిటైర్డ్ సిరస్తదారు: షార్ట్‌హ్యాండ్ నేర్చుకోమంటాను. నవ్వకండి. జూనియర్ అసిస్టెంట్‌కి ఒక్క పోస్టుకి వందల మంది ఎగబడతారు, జడ్జి గారు చెప్పేది షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని టైపు చేసే స్టెనో పోస్టుకి అర్హత ఉన్నవాళ్లే దొరకరు. జూనియర్ అసిస్టెంట్ 24,280 దగ్గర మొదలైతే స్టెనో గ్రేడ్-3 మొదలయ్యేది 32,810 దగ్గర.

యాంకర్: ఇప్పుడు అది నేర్పేవాళ్లున్నారా సార్?

రిటైర్డ్ సిరస్తదారు: జిల్లా కేంద్రంలో వెతికితే ఒకటో రెండో ఇన్‌స్టిట్యూట్లు ఉంటాయి. ఇంగ్లిష్ హయ్యర్ గ్రేడ్, నిమిషానికి 120 పదాలు, దాంతోపాటు టైపు హయ్యర్. మూడు నెలల్లో వచ్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మొద్దు, రోజూ రెండు గంటలు కూర్చుంటే ఏడాదిన్నర పడుతుంది.