గొంతు ఎక్కడ కూర్చోవాలి? జాజ్ పాటకు లాటిన్ లయ

అందరికీ నమస్కారం.

ఆల్బమ్ అట్ట వెనక చిన్న అక్షరాల్లో కనిపించే ఒక పేరుతో మొదలుపెడదాం: క్లాస్ ఓగర్మన్. 1967లో ఫ్రాంక్ సినాట్రా, బ్రెజిల్ స్వరకర్త ఆంటోనియో కార్లోస్ జోబిమ్ కలిసి చేసిన ఆల్బమ్‌కు వాద్యబృంద రచన ఆయనదే. 1977లో బ్రెజిల్ గాయకుడు, గిటారిస్టు జోవావ్ జిల్బెర్టో ‘అమొరోసో’కూ, 2001లో జాజ్ గాయని డయానా క్రాల్ ‘ద లుక్ ఆఫ్ లవ్’కూ, 2009లో ఆమె ‘క్వయట్ నైట్స్’కూ ఆయనే రాశారు. నలభై రెండేళ్లు, ముగ్గురు గాయకులు, నాలుగు ఆల్బమ్‌లు. స్టాండర్డ్స్‌ను లాటిన్ లయ మీద పాడటం ఎలాగో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం లేదు.

స్టాండర్డ్ అంటే చాలావరకు బ్రాడ్‌వే నాటకాలకో హాలీవుడ్ సినిమాలకో పుట్టి, ఆ తర్వాత జాజ్ వాళ్లు పదే పదే పాడి సొంతం చేసుకున్న పాట. సినాట్రా ఆల్బమ్‌లోని పది పాటల్లో ఏడు జోబిమ్‌వి, మూడు అమెరికన్ స్టాండర్డ్స్. ‘క్వయట్ నైట్స్’ ఇంకో అడుగు వేసింది. అందులో స్టాండర్డ్స్, జోబిమ్ పాటలతో పాటు 1964లో డియోన్ వార్విక్ పాడిన పాప్ పాట ‘వాక్ ఆన్ బై’ కూడా ఉంది. ఆ ఆల్బమ్ పేరు పాట వాద్యరచనకు 2010లో ఓగర్మన్‌కు గ్రామీ వచ్చింది.

ఇలాంటి ఆల్బమ్ తలపెట్టిన చాలామంది చేసే మొదటి పని కాంగా అనే పొడవాటి క్యూబా డోలు వాయించే మనిషిని పిలవడం. అది చివర చేయాల్సిన పని. ముందు తేల్చుకోవాల్సింది తాళంలో గొంతు ఎక్కడ పడాలన్నది.

చేతులు తీయండి, ఆదితాళం వేద్దాం. ఎనిమిది అక్షరాలు: ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపై దెబ్బ-విసురు జంటలు రెండు. ఆ జంటే ద్రుతం, అందులోని దెబ్బే ఘాత; అన్నిటికంటే మొదటి దెబ్బ సమం. పాశ్చాత్యుల లెక్కలో ఇది నాలుగేసి బీట్ల బార్లు రెండు. ఒక్కో అక్షరాన్ని రెండుగా విడగొడితే పదహారు అరలు. క్యూబా సంగీతానికి ఆధారమైన క్లావే ఈ పదహారింటిలో ఐదు దెబ్బలు: 1, 4, 7, 11, 13. మొదటి దెబ్బ సమం మీద. రెండోది చిటికెన వేలు పడ్డాక అర అక్షరానికి. మూడోది మధ్యవేలి మీద. నాలుగోది మొదటి ద్రుతం విసురు మీద, ఐదోది రెండో ద్రుతం ఘాత మీద. మొదటి బార్‌లో మూడు, రెండో బార్‌లో రెండు కాబట్టి దీన్ని మూడు-రెండు క్లావే అంటారు. బార్లు తిరగేస్తే రెండు-మూడు. ఒక చేత్తో తాళం వేస్తూ రెండో చేత్తో బల్ల మీద ఈ ఐదూ కొట్టడం పది నిమిషాల్లో వస్తుంది. దాని మీద మాట్లాడటం రావడానికి వారం పడుతుంది. పాడటం ఆ తర్వాతి సంగతి.

సాంబా అనే నాట్యలయ నుంచి పుట్టిన బ్రెజిల్ శైలి బోసా నోవాలో డ్రమ్మర్ కర్రను స్నేర్ డ్రమ్ అంచుకు అడ్డంగా తాటించే వరస దాదాపు ఇదే. చివరి దెబ్బ మాత్రం 13 నుంచి 14కు జరుగుతుంది, అంటే ఘాత పడ్డాక అర అక్షరానికి. ఆ చిన్న జరుగుడుతో నాట్యమాడే లయ ఊయలలా మారిపోతుంది. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. క్యూబాలో క్లావే చట్టం, పాట మొదలైంది మొదలు అది మారదు. బ్రెజిల్‌లో ఆ వరసను వాద్యకారుడు మధ్యమధ్య మార్చుకోవచ్చు. జోవావ్ జిల్బెర్టో గిటార్‌లో బొటనవేలు సాంబా పెద్ద డప్పులా బార్‌లో ఒకటో, మూడో బీట్ల మీద నిలకడగా పడుతుంటే, మిగతా వేళ్లు తంబోరిమ్ అనే చిన్న డప్పులా వరస మారుస్తూ పోతాయి. రెండు దేశాల వాద్యాలనూ కలిపి ‘లాటిన్’ అని ఒకే పాటలో పోస్తే రెండిటి రుచీ పోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. జాజ్ స్వింగ్ నడక తిశ్రానికి దగ్గర. అక్షరాన్ని మూడు భాగాలు చేసి, రెండు భాగాలు మొదటి స్వరానికీ ఒకటి రెండోదానికీ ఇచ్చినట్టు ఉంటుంది. లాటిన్ నడక చతురశ్రం, రెండు సగాలూ సమానం. ఏళ్ల తరబడి స్వింగ్ పాడిన గొంతు అలవాటుగా ఆ కుంటునడకను తెచ్చి చతురశ్రం మీద పెడుతుంది. అప్పుడు షేకర్ (గింజలు నింపిన గలగల వాద్యం) చప్పుడు ఒకచోట, మాటలోని హల్లు దాని వెనక వెంట్రుకవాసిలో పడతాయి. వినేవాళ్లకు తప్పేమిటో తెలియదు, పాట బరువుగా ఉందనిపిస్తుంది. దీనికి మందు ఒకటే. సాహిత్యాన్ని రాగం లేకుండా ఒకే శ్రుతిలో షేకర్‌తో పాటు చెప్పాలి, ప్రతి హల్లూ ఖచ్చితంగా సగం మీద పడేదాకా. ఆ తర్వాతే రాగం.

జాజ్ గాయకులకు ఇంకో అలవాటు, పాదాన్ని వెనక్కి లాగి పాడటం. తాళం మొదలయ్యాక పాట ఎత్తుకునే మన అనాగత గ్రహం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. స్వింగ్‌లో బేస్ నాలుగు బీట్లకూ నడుస్తూ ప్రతి బార్ మొదట్లో స్వరసంగతి (కార్డ్) మూలస్వరాన్ని అందిస్తుంది కాబట్టి ఎంత వెనకబడ్డా దారి కనిపిస్తూనే ఉంటుంది. క్యూబా బేస్ అలా కాదు. తుంబావో అనే ఆ వరసలో సమం మీద బేస్ మోగదు. రెండో బీటు తర్వాతి సగం మీదా, నాలుగో బీటు మీదా మోగుతుంది. నాలుగో బీటు మీద వాయించేది వచ్చే బార్ మూలస్వరం. అంటే బేస్ సమానికి ముందే, అతీతంలో పోతోంది, గాయని అనాగతంలో వస్తోంది. మధ్యలో ఒక బీటుకు పైగా ఖాళీ. పాదం చివరి అక్షరం పాత స్వరసంగతికి చెందింది, కింద కొత్తది ఎప్పుడో వచ్చేసింది. గాయని అపశ్రుతి పలికినట్టు వినిపిస్తుంది, నిజానికి శ్రుతి సరిగానే ఉంటుంది. అందుకే ఈ పద్ధతి పాటించండి: పాదం ఎత్తుగడను ఎంతైనా లాగండి, ముగింపు అక్షరాన్ని మాత్రం నాలుగో బీటు లోపలే దించేయండి. బోసా నోవాలో బేస్ సమం మీదే ఉంటుంది కాబట్టి స్వేచ్ఛ ఎక్కువ. జోవావ్ జిల్బెర్టో ముందుకూ వెనక్కూ రెండువైపులా జరుగుతూ పాడగలిగింది చేతిలో గిటార్ కదలకుండా ఉన్నందుకే.

పాటల ఎంపికలో బార్లు లెక్కపెట్టడం తప్పనిసరి. స్టాండర్డ్స్ ఎక్కువగా ముప్పై రెండు బార్లవి, ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగాలు. క్లావేకు రెండు బార్లు కాబట్టి చిక్కు లేదు. కోల్ పోర్టర్ 1935లో రాసిన ‘బిగిన్ ద బిగీన్’ నూట ఎనిమిది బార్లు, అయినా సరిసంఖ్యే. పాప్ పాటల దగ్గర జాగ్రత్త. బీటిల్స్ ‘యెస్టర్‌డే’లో మొదటి భాగం ఏడే బార్లు. క్లావే మీద పెడితే మూడున్నర ఆవృతులు అవుతాయి, రెండో భాగం క్లావే అవతలి సగంలో మొదలవుతుంది. చేయకూడని పని ఏమిటంటే, ఆ చోట క్లావేను ఆపి మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవడం. వాద్యకారులు దాన్ని క్షమించరు, నాట్యమాడేవాళ్ల కాళ్లు తడబడతాయి. చివరి అక్షరాన్ని సాగదీసి ఎనిమిదో బార్ కలపవచ్చు. లేదా క్లావేను అలాగే పోనిచ్చి రాగాన్నే తిరగబడనివ్వవచ్చు. రెండు భాగాలు అయ్యేసరికి పద్నాలుగు బార్లు, లెక్క మళ్లీ కుదురుతుంది. రెండోదే అందం. దాన్ని రాసేవాడికి పని ఎక్కువ.

వేగం సంగతి. నిమిషానికి అరవై బీట్ల నిదానపు పాటను బోసా నోవా చేయాలంటే వేగాన్ని ఊరికే పెంచకండి, మాటలు పరుగెత్తుతాయి. ఒక బార్‌ను రెండు బార్లుగా పరచండి. ముప్పై రెండు బార్లు అరవై నాలుగవుతాయి. నిమిషానికి 128 బీట్లయితే పాట ఒక చుట్టు సరిగ్గా రెండు నిమిషాలు. ముందు ఎనిమిది బార్ల ఎత్తుగడ పావు నిమిషం, మధ్యలో సగం చుట్టు పియానో ఒక నిమిషం, మళ్లీ సగం చుట్టు గొంతు ఒక నిమిషం, ముగింపు పావు నిమిషం. నాలుగున్నర నిమిషాలు. సోలోకు పూర్తి చుట్టు ఇస్తే ఐదున్నర అవుతుంది, ఈ తరహా పాట అంతసేపు నిలబడదు.

వాద్యరచనలో ఓగర్మన్ దగ్గర నేర్చుకోవాల్సింది ఖాళీ వదలడం. తంత్రీవాద్యాలు గొంతుతో పాటు రాగం వాయించవు. కింద పలచగా పరుచుకుని ఉంటాయి, లేదా గాయని ఊపిరి తీసుకునే చోట పైనుంచి ఒకే గీతలా జవాబిస్తాయి. పియానో మాంటూనో వరసను, అంటే క్యూబా పాటల్లో తిరిగి తిరిగి వచ్చే చిన్న పలుకును, గొంతు ఉన్న స్థాయిలోనే పెడితే రెండూ ఒకదాన్నొకటి తింటాయి. ఒక స్థాయి పైకి జరపండి, లేదా గొంతు ఆగాకే మొదలుపెట్టండి. కాంగాల శ్రుతిని ప్రతి పాటకూ చూసుకోవాలి. పెద్ద డోలు మోత బేస్ మూలస్వరానికి అర స్వరం పక్కన పడితే అడుగంతా బురదవుతుంది.

భాష గురించి రెండు మాటలు. నాట్ కింగ్ కోల్ 1958లో స్పానిష్ రాకుండానే స్పానిష్ ఆల్బమ్ పాడారు, ఉచ్చారణ పట్టుకుని. చేయవచ్చు, కానీ ఊనిక తప్పితే దొరికిపోతారు. ‘బేసమే’ అనే స్పానిష్ మాటలో ఊనిక మొదటి అక్షరం మీదే. పోర్చుగీసులో ‘జోవావ్’ చివర ముక్కులోకి వెళ్లాలి, ‘న్’ అని మూతపడకూడదు.

మైక్ దగ్గర ఈ శైలి గట్టిగా పాడదు. మైక్‌కు ఒక జానెడు దూరం, మధ్యలో ‘ప’ లాంటి హల్లుల ఊపిరి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్. మరీ దగ్గరికి వెళితే అడుగు స్వరాలు ఉబ్బి షేకర్ స్పష్టతకు అడ్డొస్తాయి. మిక్సింగ్‌లో అసలు గొడవ షేకర్‌కూ ‘స’కారానికీ. రెండూ దాదాపు 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్యే బతుకుతాయి. ‘స’కారాన్ని యంత్రంతో నలిపితే గాయని నత్తిగా వినిపిస్తుంది. నలపకండి. షేకర్‌ను రెండు మూడు అడుగుల దూరంనుంచి రికార్డు చేసి, ఒక పక్కకు జరిపి, ఆ పౌనఃపున్యాల్లో దాన్నే కొంచెం తగ్గించండి.

దీనికి మంచి పరీక్ష గెర్ష్విన్ సోదరుల ‘ఎస్ వండర్‌ఫుల్’. పాటంతా ‘స’కారమే. 1927 నాటిది కాబట్టి అమెరికాలో 2023 జనవరి 1 నుంచి పాటకు హక్కుల బెడద లేదు, ఎవరైనా పాడి విడుదల చేయవచ్చు. మన దేశంలో హక్కులున్న పాటను కవర్ చేయాలంటే మాత్రం కాపీరైట్ చట్టంలోని 31సి సెక్షన్ చదువుకోండి. మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి, కనీసం యాభైవేల కాపీలకు రాయల్టీ ముందే కట్టాలి. పాటను మార్చడం మీదా కట్టడి ఉంది, కాబట్టి లయ మార్చే ముందు హక్కుదారుల అంగీకారం కాగితం మీద తీసుకోండి.

ఇదే పాటను జిల్బెర్టో 1977లో, క్రాల్ 2001లో పాడారు, రెండిటికీ ఓగర్మనే రాశారు. ఇప్పుడు రెండూ వరసగా వేస్తాను. మొదటిసారి ఆదితాళం వేస్తూ గొంతు వినకుండా బేస్ మాత్రమే పట్టుకోండి. రెండోసారి ప్రతి పాదం చివరి అక్షరం ఏ వేలి మీద దిగుతోందో చూడండి.