‘ఎఫ్‌ఎమ్’ (1978) రివ్యూ: నవ్వు తక్కువ, రేడియో ఎక్కువ

నమస్తే అండీ. ఈరోజు సినిమా పేరు ‘ఎఫ్‌ఎమ్’. 1978 ఏప్రిల్‌లో యూనివర్సల్ వాళ్లు రిలీజ్ చేశారు. లాస్ ఏంజెలెస్‌లో క్యూ-స్కై అనే రాక్ స్టేషన్, అందులో గుప్పెడు మంది డీజేలు, వాళ్ల తిక్కలన్నీ భరించే ప్రోగ్రామ్ డైరెక్టర్ జెఫ్ డ్యూగన్. ఇదీ సెటప్. కామెడీ అన్నారు కదా అని పగలబడి నవ్వుదామని కూర్చుంటే మాత్రం నిరాశ తప్పదు. నాలుగైదు చోట్ల చిన్న నవ్వొస్తుంది, అంతే. అయినా చూడమనే చెప్తాను. క్లైమాక్స్ గురించి కూడా మాట్లాడతాను కాబట్టి, స్పాయిలర్లు వద్దనుకునేవాళ్లు ఇక్కడే పాజ్ కొట్టి, సినిమా చూసి రండి.

కథేంటంటే, స్టేషన్ రేటింగుల్లో నంబర్ వన్. గొడవంతా అక్కడే మొదలవుతుంది. వినేవాళ్లు పెరిగారు కాబట్టి యాడ్లు పెంచండి అంటుంది పైనున్న కంపెనీ. సేల్స్ మేనేజర్ పోయి పోయి సైన్యంలో చేరండనే రిక్రూట్‌మెంట్ యాడ్లు పట్టుకొస్తాడు. వియత్నాం యుద్ధం ముగిసి అప్పటికి మూడేళ్లే. రాక్ వినే కుర్రాళ్లకి ఆ యాడ్ వినిపించడమంటే మానని పుండు మీద కారం చల్లడమే. డ్యూగన్ వెయ్యనంటాడు, ఉద్యోగం వదిలేస్తాడు. డీజేలు లోపల తలుపులేసుకుని, ఒక్క యాడ్ కూడా లేకుండా పాటలు మోగిస్తూ కూర్చుంటారు. బయట జనం పోగవుతారు.

ఇది ఉత్త కల్పన అనుకోకండి. 1960ల మధ్యలో అమెరికాలో రేడియోల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఒక రూల్ పెట్టింది. లక్ష దాటిన జనాభా ఉన్న ఊళ్లలో, ఒకే ఓనరుకి ఏఎమ్ (పాత రకం రేడియో), ఎఫ్‌ఎమ్ స్టేషన్లు రెండూ ఉంటే, ఏఎమ్‌లో వచ్చే ప్రోగ్రామ్‌నే ఎఫ్‌ఎమ్‌లో సగం టైమ్‌కి మించి తిప్పి వెయ్యకూడదని. మరి మిగతా టైమ్ ఎలా నింపాలి? ఎఫ్‌ఎమ్ వినేవాళ్లే తక్కువ, దాని మీద ఖర్చు పెట్టడానికి ఓనర్లకి మనసు రాదు. దాంతో చాలాచోట్ల ‘మీ ఇష్టం’ అని డీజేల చేతికి వదిలేశారు. వాళ్లు ఏడెనిమిది నిమిషాల పాటలు, ఒక్కోసారి ఎల్‌పీలో (పెద్ద గ్రామఫోన్ రికార్డులో) ఒక వైపు మొత్తం, వెయ్యడం మొదలుపెట్టారు. 1967లో శాన్ ఫ్రాన్సిస్కోలో కేఎమ్‌పీఎక్స్ అనే స్టేషన్‌ని టామ్ డోనహ్యూ అలాగే నడిపాడు. 1968 మార్చిలో మేనేజ్‌మెంట్‌తో చెడి ఆ స్టాఫ్ నిజంగానే సమ్మెకి దిగారు. ఆ తర్వాత డోనహ్యూ చెయ్యి లాస్ ఏంజెలెస్‌లోని కేఎమ్‌ఈటీ అనే స్టేషన్ మీద కూడా పడింది. ఈ సినిమా రాసిన ఎజ్రా శాక్స్ పనిచేసింది ఆ కేఎమ్‌ఈటీలోనే. అందుకే ఆఫీసు గొడవల సీన్లలో మాటలు అతికినట్టుంటాయి. ప్రేమ సీన్లు అంత అతకవు.

డైరెక్టర్ జాన్ ఎ. అలోంజో అసలు కెమెరామన్, ‘చైనాటౌన్’కి కెమెరా పట్టింది ఆయనే. డైరెక్టర్‌గా ఇది తొలి సినిమా. గదులు, లైట్లు చక్కగా చూపిస్తాడు, జోకు దగ్గరికొచ్చేసరికి టైమింగ్ జారిపోతుంది.

కన్సోల్ గది (పాటలు వేసే గది) సీన్లలో డీజేల చేతులు గమనించండి. రికార్డుని క్యూ చెయ్యడం అని ఒక పనుంది, అంటే బటన్ నొక్కగానే పాట మొదలయ్యేలా ముందే సిద్ధంగా పెట్టుకోవడం. సూది పెట్టి, క్యూ ఛానెల్ (డీజేకి మాత్రమే వినపడేది) వింటూ, మొదటి శబ్దం రాగానే ఆపి, రికార్డుని చేత్తో వెనక్కి తిప్పాలి. ఎల్‌పీ ఒక్క చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. పావు చుట్టు నుంచి అర చుట్టు దాకా వెనక్కి తెస్తే సరిపోతుంది. అంతకంటే తక్కువైతే, టర్న్‌టేబుల్ స్పీడ్ అందుకునేలోపే పాట మొదలై ‘వ్వోఁయ్’ అని సాగుతుంది. ఎక్కువైతే డెడ్ ఎయిర్, అంటే ఏమీ వినపడదు. రేడియోలో దానికి మించిన పాపం లేదు. రోజూ ఇలా ముందుకీ వెనక్కీ తిప్పితే హిట్ పాటల మొదట్లో గాడి అరిగి ‘స్‌స్‌స్’ అని మొదలవుతుంది. క్యూ బర్న్ అంటారు దాన్ని.

ఇక యాడ్లు కార్ట్‌లలో ఉంటాయి. ప్లాస్టిక్ డబ్బాలో చుట్టలా తిరిగే టేపు. యాడ్ అయ్యాక కూడా అది తిరుగుతూనే ఉండి, మొదటికొచ్చి, టేపు మీదున్న క్యూ టోన్ (ఇక్కడ ఆగమని చెప్పే గుర్తు శబ్దం) తగలగానే ఆగుతుంది. తొందరపడి మధ్యలో పీకేశారనుకోండి, తర్వాతి షిఫ్ట్ వాడు బటన్ నొక్కగానే యాడ్ సగం నుంచి మొదలవుతుంది. తిట్లు వాడికి! మన స్టేషన్లలో ఇప్పుడు ఈ తంటా లేదు, వరస మొత్తం సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

పోటీ స్టేషన్ స్పాన్సర్ చేసిన లిండా రాన్‌స్టాట్ కచేరీని క్యూ-స్కై వాళ్లు కొట్టేసి తమ స్టేషన్‌లో లైవ్ వేసేస్తారు. సినిమాలో బెస్ట్ పార్ట్ ఇదే, ఆమె నిజంగా స్టేజి మీద పాడుతుంది. కాకపోతే నిజంగా కచేరీని అలా లైవ్ వెయ్యడం అంత తేలిక కాదు. మామూలు ఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది. బేస్ గిటార్ లాంటి లోతు శబ్దాలు పోతాయి, డ్రమ్స్‌లో తాళాల (సింబల్స్) మోత పోతుంది. మంచి సౌండ్ కావాలంటే ఫోన్ కంపెనీ దగ్గర ముందే స్పెషల్ లైన్ బుక్ చేసుకోవాలి, లేదా వ్యాన్ మీద చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకోవాలి.

క్లైమాక్స్‌లో ఇంకో లొసుగు. స్టూడియో ఊళ్లో ఉంటుంది, టవర్ కొండ మీద ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌లో చాలా స్టేషన్లవి మౌంట్ విల్సన్ మీదే. మేనేజ్‌మెంట్‌కి స్టూడియో తలుపులు బద్దలుకొట్టాల్సిన పనేంటి? కొండెక్కి ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే, లోపలున్నవాళ్లు గోడలకే పాటలు వినిపించుకోవాలి.

నటుల్లో మైకేల్ బ్రాండన్ డ్యూగన్‌గా నీట్‌గా చేశాడు. మార్టిన్ మల్ తనని తాను తెగ ప్రేమించుకునే డీజే ఎరిక్ స్వాన్, ఉన్న కాస్త నవ్వూ ఎక్కువగా ఇతని పుణ్యమే. ‘మదర్’ అనే డీజేగా ఐలీన్ బ్రెనన్ గొంతులో అలసట భలే పలికింది. క్లీవన్ లిటిల్ 1971లో ‘వానిషింగ్ పాయింట్’లో కూడా డీజేనే. మైకు ముందు ఆ ధీమా ఇక్కడ కూడా కనిపిస్తుంది, కానీ ఇచ్చిన సీన్లు మరీ తక్కువ.

ఇక పాటలు. సౌండ్‌ట్రాక్ డబుల్ ఎల్‌పీగా ఎమ్‌సీఏ వాళ్లు తెచ్చారు, అది యూనివర్సల్‌కి సొంత ఇంటి కంపెనీయే. యాడ్లు వద్దని గోల చేసే సినిమా, గంటన్నరకి పైగా ఆ ఆల్బమ్‌కి యాడ్‌లా నడుస్తుందన్నమాట! స్టీలీ డ్యాన్ అనే బ్యాండ్ చేసిన టైటిల్ పాటకి సౌండ్ ఇంజనీరింగ్‌లో గ్రామీ వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఎందుకిచ్చారో తెలుస్తుంది.

నా రేటింగ్ 5కి 2.5. రేడియో పిచ్చి ఉన్నవాళ్లయితే ఇంకో అర వేసుకోండి. ఆ టైటిల్ పాటతో ఏఎమ్ స్టేషన్లకి ఒక ఇబ్బంది వచ్చింది, పాటంతా ‘ఎఫ్‌ఎమ్’ ‘ఎఫ్‌ఎమ్’ అనే ఉంటుంది. పోటీవాడి పేరు తామెందుకు మోగించాలి? కొన్ని స్టేషన్ల వాళ్లు అదే బ్యాండ్ పాడిన ‘ఏజా’ పాటలోంచి ‘ఏ’ అనే ముక్క కోసి, ‘ఎఫ్’ ఉన్నచోట టేపు అతికించి, ‘ఏఎమ్’ అని పాడించేశారు.