చిల్లకంపతో సర్వర్లు నడుస్తాయా?

అందరికీ నమస్కారం.

మన ప్రకాశం జిల్లాలో దొరికే కట్టె కాల్చి కరెంటు తీసి, దాంతో డేటా సెంటర్ (కంప్యూటర్ సర్వర్లుండే కేంద్రం) నడపగలమా అన్నది ప్రశ్న. ముందు లెక్క చెప్పేస్తాను. విశాఖలో గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన డేటా సెంటర్ గిగావాట్ స్థాయిది. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. అంత కరెంటూ కట్టె కాల్చి తీయాలంటే ఏడాదికి కోటీ ముప్పై లక్షల టన్నుల కట్టె కావాలి. ఎకరాకు ఏటా 6 టన్నులు వస్తుందని వేసుకున్నా 22 లక్షల ఎకరాలు. ఉమ్మడి ప్రకాశం జిల్లా మొత్తం విస్తీర్ణం 17,626 చదరపు కిలోమీటర్లు, అంటే 43 లక్షల ఎకరాల పైచిలుకు. ఊళ్లు, చెరువులు, నల్లమల అడవి ఏదీ మినహాయించకుండా సగం జిల్లాలో చెట్లు నాటాలన్నమాట. అంత పెద్దవాటి సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

మన అందుబాటులో ఉండేది చిన్న డేటా సెంటర్. సర్వర్లకు 1 మెగావాట్, వాటిని చల్లబరచడానికీ యూపీఎస్ (కరెంటు పోగానే ఆదుకునే బ్యాటరీ ఏర్పాటు) నష్టాలకూ మరో అర మెగావాట్ అనుకోండి. సర్వర్లకు పగలూ రాత్రీ ఉండదు కాబట్టి ఏడాదికి 8,760 గంటలూ ఇదే లోడు. మొత్తం కోటీ 31 లక్షల యూనిట్లు. కట్టె కాల్చి కరెంటు తీసే ప్లాంటులోని ఫ్యాన్లు, పంపులు, కన్వేయర్లు తమ వంతుగా పదో వంతు తినేస్తాయి. అది కలిపితే కోటీ 46 లక్షలు. యూనిట్‌కు 4,200 కిలోకేలరీల వేడి, కిలో కట్టెలో 3,100 కిలోకేలరీలు అన్న మామూలు లెక్కన యూనిట్‌కు 1.35 కిలోల కట్టె పడుతుంది. ఏడాదికి 20 వేల టన్నులకు కాస్త తక్కువ, రోజుకు 54 టన్నులు. ఎకరాల్లో 3,300. ఇదీ తక్కువలో తక్కువ. 4,200 అన్నది 10 మెగావాట్ల స్థాయి ప్లాంటుకు నప్పే అంకె. ఒకటిన్నర మెగావాట్ల బుల్లి టర్బైన్ (ఆవిరితో తిరిగి కరెంటు తీసే యంత్రం) పెడితే ఆవిరి ఎక్కువ తాగుతుంది, కట్టె కూడా ఆ మేరకు పెరుగుతుంది. అందుకే డేటా సెంటర్‌కని విడిగా చిన్న ప్లాంటు కట్టకుండా, గ్రిడ్‌కు కలిసిన 8-10 మెగావాట్ల ప్లాంటు నుంచి అది తన వాటా తీసుకోవడమే మేలని నా అభిప్రాయం.

గ్రిడ్ ఎందుకంటే, నీళ్లను ఆవిరి చేసే బాయిలర్ ఏడాదికి రెండు మూడు వారాలైనా మరమ్మతుకు ఆగుతుంది. ఆగిందాన్ని మళ్లీ వెలిగించి ఆవిరి ప్రెషర్ తేవడానికి గంటలు పడుతుంది. డేటా సెంటర్ యూపీఎస్ బ్యాటరీ నిలబడేది నిమిషాలు. మరమ్మతు వారాల్లో గ్రిడ్ కరెంటు ఆదుకుంటుంది. గ్రిడ్ కూడా పోతే ఆ సందు పూడ్చేది డీజిల్ జనరేటర్ ఒక్కటే. కట్టె ప్లాంటు వస్తే జనరేటర్లు తీసేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక కట్టె ఎక్కడిది? సుబాబుల్, జామాయిల్, సరుగుడు కాండం కాగితం మిల్లు కొంటుంది. రైతుకు అక్కడి ధరే చాలడం లేదు, దాన్ని పొయ్యిలో పెట్టమని అడగడం న్యాయం కాదు. మనకు మిగిలేది కొమ్మలు, తలకట్టు, బెరడు. వాటికి తోడు చెరువు కట్టల మీదా పోరంబోకుల్లోనూ పెరిగిన చిల్లకంప, అదే సర్కారు తుమ్మ. దీన్ని నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, నీళ్లు పెట్టక్కర్లేదు. కానీ దాని మీద బొగ్గుబట్టీల వాళ్ల బతుకు కూడా ఉంది. ఆ సంగతి మొదటే మాట్లాడుకోవాలి. ఊక ఇప్పటికే రైస్ మిల్లుల నుంచి బాయిలర్లకు పోతోంది. వరిగడ్డి ముందు పశువులది. నేపియర్ గడ్డిలో ముప్పాతిక వంతు నీళ్లే, బాయిలర్‌కు పనికిరాదు. బయోగ్యాస్ డైజెస్టర్‌కైతే (కుళ్లబెట్టి గ్యాస్ తీసే తొట్టి) బాగుంటుంది. కనిగిరి వైపు దివాకరపల్లిలో రిలయన్స్ కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది ఆ దారిలోనే.

ఇప్పుడు అసలు తగాదా దగ్గరికి వద్దాం: కాటా.

పది టన్నుల లారీ వచ్చింది. నిన్న కొట్టిన పచ్చి కంపైతే అందులో 45 శాతం నీళ్లు. చేలోనే రెండు నెలలు ఆరేసింది 20 శాతానికి దిగుతుంది. మొదటి లారీలో పొడికట్టె ఐదున్నర టన్నులు, రెండోదాంట్లో 8 టన్నులు. కాటా రెండింటికీ పదే చూపిస్తుంది. పైగా ఆ నీళ్లు ఊరకే పోవు. కిలో నీటిని ఆవిరి చేయడానికి పొయ్యిలోంచి 600 కిలోకేలరీలు ఖర్చు. తడి బరువుకు డబ్బులిస్తే ఆరబెట్టిన రైతు నష్టపోతాడు, మరుసటి ఏడాది అందరూ పచ్చిదే తెస్తారు. అందుకని పొడి బరువుకే ధర కట్టాలి. లారీ పైపైన కాకుండా లోపల కూడా ఐదారు చోట్ల ముక్కలు తీసి, కలిపి, ఓ కిలో పాలిథిన్ సంచిలో మూతి బిగించి ఉంచాలి. 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా, దాదాపు ఒక రోజు, పెట్టి మళ్లీ తూయాలి. చేతిలో పట్టుకుని సూదులు గుచ్చే మీటర్ 30 శాతం దాటిన తేమను సరిగా చూపదు. నమూనాలో సగం రైతు ముందే సీలు వేసి పక్కన పెడితే తగాదా ఉండదు.

పొయ్యిలో వచ్చే తగాదా వేరు. మిరప కట్టె, పొగాకు మోళ్లు, గడ్డి వీటిలో పొటాషియం ఎక్కువ. ఉప్పునేలల్లో పెరిగిన కంపలో క్లోరిన్ కూడా ఉంటుంది. గాలితో కదిలే ఇసుక పడక మీద కట్టె కాల్చే బాయిలర్‌లో ఈ పొటాషియం ఇసుకతో కలిసి గాజులా కరుగుతుంది. రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముందు శనగ గింజంత, తర్వాత కొబ్బరికాయంత గడ్డలు కడతాయి. పడకలో పక్కపక్కనున్న రెండు థర్మోకపుల్స్ (వేడి కొలిచే సాధనాలు) మధ్య వంద డిగ్రీల తేడా కనిపించిందంటే అక్కడ ఇసుక కదలడం ఆగిపోయిందని అర్థం. అప్పుడు కట్టె ఎక్కువ వేసి లోడు లాగాలని చూస్తే పడకంతా రాయి అవుతుంది. పడక వేడిని 800 డిగ్రీలలోపు ఉంచడం, పాత ఇసుక కొంత కొంత దించి కొత్తది పోయడం, ఇలాంటి మోళ్లను మొత్తం కట్టెలో నాలుగో వంతు దాటనివ్వకపోవడం తప్ప మందు లేదు. క్లోరిన్ ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ గొట్టాలను తినేస్తుంది. దుంపలతో పీకిన చెట్టు తెస్తే మట్టి, బేళ్లకు కట్టిన ప్లాస్టిక్ తాడు తెస్తే కట్టెను పొయ్యిలోకి నెట్టే స్క్రూ ఫీడర్‌కు చుట్టుకోవడం, ఇవి రోజువారీ.

సర్వర్లను చల్లబరచడానికి కరెంటే వాడాలని లేదు. 1 మెగావాట్ సర్వర్ల వేడి తీయడానికి 285 టన్నుల చిల్లర్ (చల్లబరిచే యంత్రం; ఈ టన్ను బరువు కాదు, ఏసీలకు చెప్పే టన్ను) కావాలి. కరెంటు చిల్లరైతే 185 కిలోవాట్ల దాకా లాగుతుంది. ఆవిరి వేడితోనే చల్లదనం పుట్టించే లిథియం బ్రోమైడ్ యంత్రం అదే పనిని గంటకు 1,300 కిలోల ఆవిరితో చేస్తుంది. టర్బైన్ మధ్యలోంచి ఆ ఆవిరి తీస్తే కరెంటు కొంత తగ్గుతుంది, అది కూడా లెక్కలో రాసుకోవాలి. వేడిని గాల్లోకి వదిలే కూలింగ్ టవర్‌కు పట్టే నీళ్లు కూడా ఒకటిన్నర రెట్లవుతాయి.

నీళ్లే పశ్చిమ ప్రకాశంలో పెద్ద గండం. ఒకటిన్నర మెగావాట్లకు కండెన్సర్ (టర్బైన్ వదిలిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా మార్చేది) ఒక్కటే రోజుకు రెండు లక్షల లీటర్ల దాకా ఆవిరి చేస్తుంది. ఫ్లోరైడ్, ఉప్పు నీళ్లున్న బోర్ల మీద ఆధారపడి అది కుదరదు. గాలితో చల్లబరిచే కండెన్సర్ పెడితే నీళ్లు మిగులుతాయి గానీ, రోహిణి కార్తెలో 43 డిగ్రీల ఎండకు, టర్బైన్‌లోంచి ఆవిరిని లాగే వాక్యూమ్ పడిపోయి, సరిగ్గా ఏసీ ఎక్కువ కావాల్సినప్పుడే కరెంటు తగ్గుతుంది. అప్పుడు లోటు గ్రిడ్ నుంచే.

చివరగా కట్టె నిల్వ చేసే యార్డు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాను పడితే చేలోకి ట్రాక్టర్ దిగదు. సెప్టెంబరు ముగిసేలోపు అరవై రోజుల నిల్వ, అంటే 3,300 టన్నులు లోపలికి రావాలి. ముక్కలుగా కొట్టిన కట్టె నాలుగు మీటర్ల ఎత్తుకు మించితే లోపల వేడెక్కి తనంత తాను అంటుకోవచ్చు. కుప్పల కింద ముప్పాతిక ఎకరా పైన, ఫైరింజను తిరగడానికి సందులు వదిలితే రెండెకరాలు పడుతుంది. కుప్పలో ఇనుప గొట్టం గుచ్చి రోజూ వేడి చూడాలి. 60 డిగ్రీలు దాటిన కుప్పను ముందు వాడేయాలి. వీలైనంత వరకు ముక్కలు చేయకుండా మొద్దుగానే నిల్వ చేసి, వారానికి సరిపడా మాత్రమే చిప్పర్‌లో వేస్తే ఈ భయం చాలావరకు పోతుంది. బాయిలర్ వార్షిక మరమ్మతు నవంబరులో పెట్టుకోండి. అప్పుడు కట్టె ఎలాగూ తడి, చల్లదనానికి చిల్లర్ల మీద భారం తక్కువ. మార్చిలో కట్టె బాగా ఎండి ఉన్నప్పుడు బాయిలర్ ఆపుకుంటే నష్టం మనదే.